చివరి పేజీలో రాసిచ్చిన జవాబులు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మేం పాస్కా అనే ఈస్టర్ పండుగ అయిన మరుసటి వారం, మేత్రాసనం నుంచి నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా ముమ్మిడివరం వైపు ఒక విచారణలో పదకొండేళ్లు ఉపదేశిగా పనిచేశాను. ఇప్పుడు రాజోలు దగ్గరి మరొక విచారణకు పెద్ద ఉపదేశిగా వేశారు. వివాహ సిద్ధపాటు తరగతుల బాధ్యత నాకు ప్రత్యేకంగా అప్పగిస్తున్నట్టు మేత్రాణుల సంతకంతో అందులో ఉంది.

ఈ పని తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. విచారణ అంటే ఒక గురువు ఆధీనంలో ఉండే ఊళ్ల సముదాయం. అలాంటి విచారణలన్నిటి మీదా ఉండేది మేత్రాసనం, దాని అధిపతి మేత్రాణులు, అంటే బిషప్పు. ఉపదేశి గురువు కాదు, సంసారం ఉన్న గృహస్థు. పూజ గురువు చేస్తారు. పిల్లలకు సత్యోపదేశం, అంటే మతబోధ, నేర్పడం, గురువు రాలేని ఊళ్లలో జపం నడపడం, పెళ్లికి వచ్చినవాళ్లకు కతోలిక సంఘమైన శ్రీసభ బోధ వివరించడం ఉపదేశి చేస్తాడు. జీతం చిన్నది, గౌరవం పెద్దది. గుడి ఆవరణలోనే ఇల్లు ఇస్తారు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

కతోలికులలో పెళ్లికి ముందు వధూవరులు నాలుగు ఆదివారాలు తరగతులకు రావాలి. వివాహం దివ్యసంస్కారమనీ, మరణం తప్ప దాన్ని విడదీసేది లేదనీ, దేవుడిచ్చే బిడ్డలను స్వీకరించాలనీ అక్కడ చెబుతాం. అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పేది సమ్మతి గురించి. గుడిలో పెళ్లి చేసేది గురువు కాదు. వధూవరులే ఒకరికొకరు ఆ సంస్కారాన్ని ఇచ్చుకుంటారు, గురువు శ్రీసభ తరఫు సాక్షి. ఆ ఇద్దరిలో ఒకరు బలవంతానికో, తీవ్రమైన భయానికో లొంగి సరేనంటే, పూజ జరిగినా, ఊరంతా అక్షింతలు వేసినా అక్కడ వివాహం జరగనట్టే.

ఇవన్నీ చెప్పడానికి మేత్రాసనం ఒక లావుపాటి పుస్తకమూ, గోడకు తగిలించే బొమ్మల పటాలూ పంపింది. పుస్తకంలో వాక్యాలు నాకే రెండోసారి చదివితే గాని అర్థమయ్యేవి కావు. పటాల్లో సోఫా మీద కూర్చున్న తల్లీ తండ్రీ, ఒక పిల్లాడు, వాళ్ల కాళ్ల దగ్గర బొచ్చుకుక్క ఉండేవి. ఒక పెళ్లికూతురి తల్లి ఆ పటం చూసి, "ఈళ్లు ఏ ఊరోళ్లండీ? మన తాలూకాలో లేరనుకుంటానండి" అంది.

అందుకని ముమ్మిడివరంలో ఉండగానే నేను సొంతంగా ఒక చిన్న పుస్తకం తయారుచేశాను. పాతకాలం సత్యోపదేశంలా ప్రశ్న, దాని కింద జవాబు. ముప్ఫైరెండు పేజీలు. జెరాక్స్ తీయించి పంచేవాణ్ణి. చుట్టుపక్కల విచారణల ఉపదేశులూ దాన్నే వాడడం మొదలుపెట్టారు. ఉపదేశుల సమావేశంలో ఒకసారి మేత్రాణులు దాన్ని పైకెత్తి చూపించి మెచ్చుకున్నారు. నాకు దాని గురించి గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ పుస్తకం చివరి పేజీ గురించే ఇదంతా రాస్తున్నాను. పెళ్లికి ముందు గురువు వధువునూ వరుణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టి, సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టించి, ప్రమాణం మీద కొన్ని ప్రశ్నలు అడుగుతారు. దీన్ని వివాహ పరీక్ష అంటాం. నా పాత విచారణలో ఒక పెళ్లికూతురు కంగారుపడి ఆ పరీక్షలో నోరు విప్పలేకపోయింది. పిల్ల మూగదని మగపెళ్లివారు గొడవపడ్డారు. అలాంటిది మళ్లీ జరగకూడదని ఆ ప్రశ్నలను చివరి పేజీలో అచ్చు వేయించాను. మిగతా పుస్తకంలో లాగే ప్రతి ప్రశ్న కిందా జవాబు కూడా వేయించాను. ఈ పెళ్లికి నీ ఇష్టపూర్వకంగా వచ్చావా? అవునండి, నా పూర్తి ఇష్టంతో వచ్చాను. నిన్ను ఎవరైనా బలవంతపెట్టారా, భయపెట్టారా? లేదండి, ఎవరూ బలవంతపెట్టలేదు, భయపెట్టలేదు.

ఆ పేజీ వచ్చాక పరీక్షలో ఎవరూ తడబడలేదు. ముగ్గురు గురువులు దాన్ని చూశారు. తప్పుందని ఒక్కరూ అనలేదు. నాకూ తోచలేదు.

రాజోలు విచారణలో ఆ ఏడాది ఆరు జంటలు తరగతులకు వచ్చాయి. పాస్కాకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో పెళ్లిళ్లు చేయం కాబట్టి పాస్కా తరువాత అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల తొందర దానికి తోడు. వాళ్లలో సుగుణ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్లది. తండ్రి లేడు. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లి పన్నెండేళ్లయింది. పిల్లను పెంచింది మేనమామ ప్రకాశం గారు. ఆయన మా విచారణలో గుడిపెద్ద. గుడి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. పండగ ఊరేగింపులో సిలువ ఎవరు మోయాలో, పందిరి ఎక్కడ వేయాలో ఆయనే చెబుతారు. నాకు ముందున్న ఉపదేశి ఆయనతో మాట తేడా వచ్చాకే బదిలీ అయ్యాడని చేరిన మొదటి రోజునే విన్నాను.

పెళ్లికొడుకు ప్రకాశం గారి భార్యకు స్వయానా తమ్ముడు. కువైట్‌లో వెల్డరు. నెమ్మదైన మనిషి. వరసలు చూశాను, శ్రీసభ చట్టం ప్రకారం అభ్యంతరమేమీ లేదు. సెలవు అయిపోయేలోగా పెళ్లి కావాలన్నారు.

ప్రకాశం గారు సుగుణను మోటార్‌సైకిల్ మీద తీసుకొచ్చి, తరగతి అయ్యేదాకా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మేనకోడలి మీద అంత శ్రద్ధ ఉన్న మనిషని మా ఇంటావిడతో మెచ్చుకుని చెప్పాను కూడా.

రెండో తరగతి తరువాతి గురువారం ఉదయం పరీక్ష పెట్టారు. మా విచారణ గురువు వయసులో చిన్నవారు, ఈ జిల్లాకు కొత్త. ఆయన ప్రశ్నలు అడిగితే, పత్రంలో జవాబులు నింపడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. సుగుణ వచ్చి సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టింది. ఫాదర్ గారు ప్రశ్న పూర్తిచేసేలోపే జవాబు వచ్చేసేది. ఒక్క అక్షరం తేడా లేదు, నా పుస్తకమే పలుకుతున్నట్టుంది. బలవంతం గురించిన ప్రశ్న దగ్గర కూడా ఆమె ఆగలేదు. అన్నీ అయ్యాక చెయ్యి తీసింది. గ్రంథం రెక్సిన్ అట్ట మీద ఐదు వేళ్ల తడి అచ్చు పడి ఉంది. ఎండాకాలమే గాని ఆ గదిలో ఏసీ ఉంది.

ఫాదర్ గారు ఆ తడి చూడలేదు. "మీ పుస్తకం బాగా పనిచేస్తోందండీ ఉపదేశి గారూ" అన్నారు. నేను పత్రంలో అవును, లేదు అని నింపి, కింద సాక్షిగా సంతకం పెట్టాను. ఆడపిల్ల, కంగారుపడి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో ఆదివారం పూజ చివర మొదటి ప్రకటన చదివాను. ఫలానావారికీ ఫలానావారికీ వివాహం జరగబోతోందని వరసగా మూడు ఆదివారాలు గుడిలో చదవడం పద్ధతి. అభ్యంతరం ఎరిగినవారు గురువుకు చెప్పి తీరాలి, దాచడం పాపం అనే వాక్యంతో అది ముగుస్తుంది. ఆ వాక్యాన్ని నేను నా జీవితంలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ రోజు దాన్ని గబగబా చదివేశాను. ముందు వరసలో ప్రకాశం గారు చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నారు.

ఆ మధ్యాహ్నం తరగతిలో పాఠం సమ్మతి మీద. పాఠం అయ్యాక జంటలను వేర్వేరుగా కూర్చుని అప్పజెప్పుకోమన్నాను. సుగుణ పెళ్లికొడుకు ఆ రోజు వీసా పని మీద హైదరాబాద్ వెళ్లాడు. ఆమె ఒక్కతే చివరి బెంచీ మీద ఉంది. కిటికీ అవతల వరండాలో ప్రకాశం గారు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నారు. నేను దగ్గరికి వెళ్లి, పుస్తకం మూసేసి చెప్పమ్మా, నీకీ పెళ్లి ఇష్టమేనా అని అడిగాను.

ఆమె కిటికీ వైపు ఒకసారి చూసింది.

"దానికి జవాబు మీరే రాసిచ్చేరు కదండీ" అంది.

ఆమె తల ఎత్తకుండా, పెదవులు కదిలీ కదలనట్టు మిగతాది చెప్పింది. ఈ సంబంధం వద్దని ఒకసారి అందట. అలాగైతే నీ తల్లి తిరిగొచ్చినప్పుడు ఈ గడప తొక్కదు, నువ్వూ ఈ పూటే దిగిపో అన్నారట మేనమామ. నెల నుంచి ఫోన్ ఆమె చేతికి ఇవ్వడం లేదు. తల్లితో మాట్లాడాలంటే ఆయన పక్కన కూర్చుంటారు. పరీక్షకు ముందు సాయంత్రాలు నా పుస్తకం తెరిచి చివరి పేజీ ఆయనే అప్పజెప్పించుకున్నారు.

"పెద్దోళ్ల మాట కాదంటే పాపమని రెండో పాఠంలో ఉందండి. గ్రంథం మీద చెయ్యెట్టి అబద్ధం చెప్పేను, అదీ పాపమే కదండీ. రెండిట్లో ఏది చిన్నదో మీరు చెప్పండి మాస్టారూ, అదే చేస్తాను" అంది.

వరండాలో ఫోన్ మాటలు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడయింది. నేను పుస్తకం తెరిచి, ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు గట్టిగా చదివాను. ఆమె కూడా వెంటనే గట్టిగా జవాబు చెప్పింది. ప్రకాశం గారు గుమ్మంలోకి వచ్చి, "బాగా చెప్తోందాండీ మా పిల్ల?" అన్నారు. చాలా బాగా చెబుతోందన్నాను.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడకు చెప్పాను. భయం ఎన్ని వైపుల నుంచి రాగలదో ఆ రోజు తెలిసింది. చెబితే ఆయన ఏం చేస్తారోనన్న భయం. ఇల్లు ఖాళీ చేయాల్సివస్తుందన్న భయం. చెప్పకపోతే దేవుడి ముందు నా సంతకం ఉంది. వీటన్నిటికన్నా ఆ పిల్ల ఆయన ఇంట్లోనే ఉందన్న భయం ఎక్కువ. నేను ఒక్క అడుగు తప్పుగా వేస్తే ఎవరు చెప్పారో ఆయనకు క్షణంలో తెలిసిపోతుంది. మా ఇంటావిడ అంతా విని, "పుస్తకం రాసేటప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందాండీ?" అని, పొద్దున్నే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లమంది.

సోమవారం పొద్దున్న ఫాదర్ గారికి చెప్పాను. చట్టప్రకారం ఆయనకు దారి స్పష్టంగానే ఉంది. సమ్మతి మీద అనుమానం వస్తే ప్రకటనలు ఆపాలి, పరీక్ష మళ్లీ పెట్టాలి, తేలకపోతే మేత్రాసనానికి రాయాలి. కానీ ఒక్క సుగుణ ప్రకటన ఆపితే ఆ కబురు ఆమెకన్నా ముందు ఇంటికి చేరుతుంది. ఆ సాయంత్రం ఆమెను ఎవరు కాస్తారని అడిగారాయన.

చివరికి నాకు తోచింది చెప్పాను. తప్పు నిజంగా ఎక్కడుందో అక్కడే చూపిద్దాం. జవాబులు ముందే రాసిచ్చిన పరీక్ష పరీక్ష కాదు. అలా చూస్తే ఒక్క సుగుణది కాదు, ఆరు జంటలదీ చెల్లదు. ఆ మాట నేనే గుడిలో చెబుతాను. అప్పుడు ఎవరి పేరూ బయటికి రాదు, ఒక్క నా పేరు తప్ప. ఫాదర్ గారు నా వైపు చూసి, మీకు ఇబ్బంది కదా అన్నారు. అవునన్నాను.

ఆ తరువాతి ఆదివారం పూజ చివర ప్రకటనల బదులు ఆ మాట చెప్పాను. నా పుస్తకం చివరి పేజీ శ్రీసభ బోధకు విరుద్ధంగా ఉందనీ, మేత్రాణుల అనుమతి లేకుండా దాన్ని చేర్చాననీ, ఆరు జంటల పరీక్షా మళ్లీ జరుగుతుందనీ, అప్పటిదాకా ప్రకటనలు ఆగుతాయనీ, పుస్తకాలు తెచ్చి ఇచ్చేయాలనీ చెప్పాను. నా తరువాత ఫాదర్ గారు రెండే వాక్యాలు మాట్లాడారు. క్రీస్తుకు తల్లివి కావాలని చెప్పడానికి వచ్చిన దేవదూత కూడా మరియతల్లికి జవాబు అందించలేదు, ఆమె నోటి నుంచి వచ్చేదాకా ఆగాడు అన్నారు. గుడిలో గుసగుసలు బయలుదేరాయి. వెనక ఎవరో, "ఈయన రాసిన పుస్తకం ఈయనకే తప్పయితే మనకి నేర్పిందంతా ఏంటంట" అనడం స్పష్టంగా వినబడింది.

మర్నాడు ఉదయం పది గంటలకు ప్రకాశం గారు మా ఇంటికి వచ్చారు. మా ఇంటావిడ కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. ఆయన గొంతు పెంచలేదు.

"మీ పుస్తకంలో తప్పుంటే మీరు దిద్దుకోండి. మా పిల్ల పరీక్ష అయిపోయిందండి. మళ్లీ ఎందుకండీ?"

అందరికీ పెడుతున్నారని చెప్పాను.

"ఆరు జంటలకీనా? ఏ ఒక్కరి కోసమో ఆరుగురినీ తిప్పట్లేదు కదండీ?"

లేదన్నాను.

"మీకు రిటైర్మెంట్ ఎంత ఉందండీ?"

"మూడేళ్లండి."

"ఆయ్. మూడేళ్లంటే చాలా రోజులండి ఉపదేశి గారూ" అని లేచి, మా ఇంటావిడకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

పరీక్ష బుధవారానికి పెట్టారు. ఆ రెండు రోజులూ మోటార్‌సైకిల్ చప్పుడు వినబడితే చాలు, కిటికీ దగ్గరికి వెళ్లి చూసేవాణ్ణి. సుగుణను తీసుకొస్తారో లేదో తెలియదు. ఈలోగా గుడి మార్చి ఇంకెక్కడో పెళ్లి చేసేస్తారేమోనన్న అనుమానం కూడా ఉంది. ఫాదర్ గారు పరీక్షను తన గదిలో కాకుండా సిస్టర్ల మఠంలో పెట్టారు. లోపల ఆయనా, ఒక పెద్ద సిస్టరూ. పెద్దలెవరూ మఠం గేటు దాటి రాకూడదన్నారు. నన్ను కూడా బయటే ఉండమన్నారు. ప్రశ్నలు నా పుస్తకంలోవి కావు. ఏం అడిగారో నాకు ఈ రోజుకీ తెలియదు.

పదకొండింటికి ప్రకాశం గారు సుగుణను దింపారు. ఆమె నా ముందు నుంచే లోపలికి వెళ్లింది, నా వైపు చూడలేదు. నలభై నిమిషాలు గడిచాయి. గేటు బయట ప్రకాశం గారు రోడ్డు మీద ఇటూ అటూ నడుస్తున్నారు. నేను జపమాల చేతిలో పట్టుకున్నాను గాని ఒక్క దశకం, అంటే పది పూసలు కూడా పూర్తికాలేదు. తలుపు తెరుచుకున్నాక బయటికి వచ్చింది సిస్టరొక్కరే. ఆవిడ నేరుగా గేటు దగ్గరికి వెళ్లి, అమ్మాయి ఈ రోజు నుంచి మఠం హాస్టల్లో ఉంటుంది, వాళ్లమ్మతో మస్కట్‌కు ఇప్పుడే మాట్లాడాం, ఆమె కూడా అదే కోరింది అని చెప్పారు. ప్రకాశం గారు గేటు పట్టుకుని నిలబడ్డారు. తరువాత ఆయన అన్న మాట నేను విన్నాను. "ఎనిమిదేళ్ల పిల్లని నా చేతిలో పెట్టెళ్లిందండి. దాన్నో ఇంట్లో పెట్టేదాకా నాకు నిద్ర లేదండి" అన్నారు. ఆయన భయం గురించి నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

సుగుణ తల్లికి తెలిసింది వేరు. పిల్లే పెళ్లికి తొందరపడుతోందని ఆమెకు చెప్పారట. రెండు నెలల తరువాత ఆమె తిరిగొచ్చింది. తల్లీ కూతుళ్లు ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నారు. కువైట్ వెళ్లిపోయే ముందు పెళ్లికొడుకు నా దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. "నన్నొక్కమాట అడిగితే నేనే మానేసేవోణ్ణి కదండీ" అన్నాడు. నిజానికి అతన్నీ ఎవరూ అడగలేదు. అతనికీ నా చివరి పేజీయే ఇచ్చాను.

ఆ పరీక్ష తరువాతి ఆదివారం చదవమని ఫాదర్ గారు ప్రకటనల కాగితం నా చేతికిచ్చారు. ఆరు జంటల్లో ఐదు ఉంటాయనుకున్నాను. నాలుగే ఉన్నాయి. లేని రెండో జంటలో వరుడు కొత్తపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడు, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. నా తరగతిలో అందరికన్నా చక్కగా జవాబులు చెప్పింది అతనే. మిగతావాళ్లకు అప్పజెప్పించే పని కూడా అతనికే ఇచ్చాను. అతని మీద నాకు ఏ కోశానా అనుమానం కలగలేదు. కారణం ఏమిటో గురువు చెప్పరు, నేను అడగకూడదు. నాలుగు పేర్లూ చదివి దిగిపోయాను.

ప్రకాశం గారు మేత్రాసనానికి ఫిర్యాదు రాశారు. అనుమతి లేని పేజీ పుస్తకంలో చేర్చి పంచినందుకు నన్ను పెద్ద ఉపదేశి హోదా నుంచి తప్పించి, దిండి అవతల ఒక ఉపగ్రామానికి వేశారు. ఆ ఉత్తర్వు సరైనదే. మిగిలిన సేవాకాలం అక్కడే చేసి విరమించాను.

తరువాత మేత్రాసనం వివాహ తరగతులకు కొత్త పుస్తకం వేసినప్పుడు నా అభిప్రాయం అడిగారు. రెండు సూచనలు రాసి పంపాను. పరీక్షలో అడిగే ప్రశ్నలు వధూవరుల చేతికి ముందుగా ఇవ్వకూడదు. ఇష్టమేనా అని అడిగేవాడు కాదన్న జవాబు వస్తే ఏం చేయాలో, ఆ మనిషిని ఆ సాయంత్రం ఎక్కడ ఉంచాలో ముందే ఏర్పాటు చేసుకుని అడగాలి. రెండూ చేర్చారు.

నా పుస్తకం వాడుకలో ఉన్న అన్నేళ్లలో ఎన్ని జంటలు ఆ పేజీ అప్పజెప్పి పెళ్లి చేసుకున్నాయో వివాహ రిజిస్టర్లలో ఉంటుంది. జరిగిన వివాహం చెల్లదని రుజువయ్యేదాకా చెల్లినట్టే భావించాలని శ్రీసభ చట్టం చెబుతుంది. వాళ్లలో కొందరు సంతలో కనబడి, పిల్లల చేత నాకు స్తోత్రం చెప్పిస్తారు. నేను ఆశీర్వదిస్తాను. వాళ్లను ఏమీ అడగను. అడగాల్సిన సమయంలో అడగకుండా జవాబు చేతిలో పెట్టినవాడికి ఇప్పుడు అడిగే హక్కు లేదని ఈ ఉద్యోగంలో నేర్చుకున్నాను.